అంబత్తూరులో ఆరు మెషీన్ల షాపు నింగ్బోతో పోటీ పడాలంటే డిజిటల్ ఖర్చు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. నాన్నగారు చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో పాతికేళ్లుగా మెషీనింగ్ జాబ్ వర్క్, అంటే వేరే కంపెనీల డ్రాయింగుల ప్రకారం లోహపు పార్టులు చేసివ్వడం, చేస్తున్నారు. నాలుగు సీఎన్‌సీ లేతులు (కంప్యూటర్‌తో నడిచేవి), రెండు వీఎంసీలు (నిలువు మిల్లింగ్ మెషీన్లు), పద్నాలుగు మంది పనివాళ్లు. పంపు షాఫ్టులు, హైడ్రాలిక్ ఫిట్టింగులు, కొంత బుష్‌ల పని. పదేళ్ల పాత కస్టమర్ ఒకాయన చైనాలోని నింగ్బో నగరపు సప్లయర్ ఆన్‌లైన్‌లో పెట్టిన రేటు ఫోన్‌లో చూపించి, ఈ రేటుకి ఇస్తారా, నన్ను అటు వెళ్లమంటారా అని అడిగాడు. అదే నెలలో ఒక కన్సల్టెంట్ వచ్చి ఈఆర్‌పీ (ఆర్డర్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్), మెషీన్లకు సెన్సార్లు, వెబ్‌సైట్ అన్నీ కలిపి 18 లక్షలకు చేసిపెడతానన్నాడు. నాన్నగారు వద్దంటున్నారు, ఐటీ ఉద్యోగం వదిలి షాపులోకి వచ్చిన మీరు చెయ్యాలంటున్నారు. ఈ డిజిటల్ అంతా పెద్ద కంపెనీల ఆటేనా, మనలాంటి చిన్న షాపుకి ప్రపంచంతో పోటీలో నిజంగా పనికొస్తుందా అన్నది మీ ప్రశ్న.

పనికొస్తుంది. కానీ ఆ 18 లక్షల కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. మొదటి ఏడాది రెండు మూడు లక్షలకు మించకుండా మూడే పనులు చేయండి: కొటేషన్ ఒక్క రోజులో వెళ్లేలా చూడటం, మెషీన్ నిజంగా ఎన్ని గంటలు నడుస్తోందో రాయడం, ప్రతి పీసుకీ రుజువు దాచడం. నింగ్బోతో రేటు మీద కొట్లాడకండి, అక్కడ మనం గెలవలేం. జవాబు ఎంత త్వరగా ఇస్తున్నాం, ఇచ్చిన మాటకు ఏం రుజువు చూపిస్తున్నాం, కస్టమర్ ఎవరి చేతిలో ఉన్నాడు, ఈ మూడు చోట్లే డిజిటల్ మనకు బలం ఇస్తుంది. మెలకువగా లేకపోతే మన బలం లాక్కునేది కూడా ఇక్కడే.

నా గురించి రెండు ముక్కలు. మాది నెల్లూరు జిల్లా. 1996లో మెకానికల్ డిప్లొమాతో చెన్నై వచ్చాను. పదకొండేళ్లు ఒక ఆటో విడిభాగాల కంపెనీలో ప్రొడక్షన్‌లో చేశాను, 2007 నుంచి అంబత్తూరులోనే సొంత షాపు. మూడు మెషీన్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు పదకొండు ఉన్నాయి. ఎగుమతి నా పనిలో దాదాపు మూడో వంతు. కింద చెప్పేవాటిలో చాలా వరకు నేను దెబ్బ తిని నేర్చుకున్నవే.

ముందు నోకియా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇదంతా నాకు అర్థమైంది అక్కడే. మీకు అప్పుడు చిన్న వయసు అయ్యుంటుంది. 2006లో శ్రీపెరంబుదూర్‌లో నోకియా ఫ్యాక్టరీ మొదలైనప్పుడు కాంచీపురం, తిరువళ్లూరు పల్లెల నుంచి అమ్మాయిలు బస్సుల నిండా షిఫ్టులకు వచ్చేవారు. ప్రపంచంలోనే పెద్ద ఫోన్ ఫ్యాక్టరీల్లో అదొకటి. అక్కడ తయారీలో లోపం ఉందని ఎవరూ అనలేదు, పీసు ఖర్చు తక్కువ, నాణ్యత బాగుంది, పోర్టు దగ్గర. అయినా 2014 నవంబర్‌లో మూతపడింది. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నప్పుడు పన్ను గొడవల వల్ల ఈ ప్లాంటు అందులోకి వెళ్లకపోవడం ఒక కారణం, దాన్ని కాదనను. కానీ అసలు దెబ్బ అంతకు చాలా ముందే, మన కంటికి కనిపించని చోట తగిలింది. 2007లో ఐఫోన్, 2008లో యాప్ స్టోర్, వాటి వెనకే ఆండ్రాయిడ్ వచ్చాయి. అప్పటి నుంచి జనం కొన్నది ఫోన్‌ని కాదు, దాని మీద నడిచే యాప్‌లను. నోకియా సీఈఓ స్టీఫెన్ ఎలాప్ 2011 ఫిబ్రవరిలో ఉద్యోగులకు రాసిన లేఖలోనే, ఇప్పుడు పోటీ పరికరాల మధ్య కాదు, వాటి చుట్టూ ఉన్న మొత్తం వ్యవస్థల మధ్య అని ఒప్పుకున్నాడు. ఒప్పుకునేసరికి ఆలస్యమైపోయింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించాలి. ఆ ప్రాంగణాన్ని ఫోన్ ఛార్జర్లు చేసే సాల్‌కాంప్ తీసుకుంది. అదే శ్రీపెరంబుదూర్‌లో ఫాక్స్‌కాన్ ఐఫోన్లు బిగిస్తోంది. అంటే ఊరు అదే, రోడ్డు అదే, మనుషులూ ఆ పల్లెల వాళ్లే. మారిందల్లా, ఫోన్ అమ్మకంలో పెద్ద వాటా ఎవరికి వెళ్లాలో నిర్ణయించే చోటు. చేతి పని ఎంత బాగా చేసినా, కస్టమర్‌ని పట్టుకున్నది వేరేవాళ్లయితే మన భవిష్యత్తు వాళ్ల మీటింగ్‌లో తేలుతుంది. ఆరు మెషీన్ల షాపుకీ ఇది వర్తిస్తుంది. మీ పాత కస్టమర్ ఫోన్‌లో రేటు చూపించిన రోజున జరిగింది చిన్న రూపంలో ఇదే.

మన ధందాలో అసలేం మారిందో చెప్తాను. పదిహేనేళ్ల క్రితం ఒక జర్మనీ కొనుగోలుదారుకి చెన్నైలో మంచి మెషీన్ షాపు కావాలంటే ఒక ఏజెంటు కావాలి, ఫ్లైట్ టికెట్ కావాలి, ఎగ్జిబిషన్‌లో స్టాల్ చూడాలి. అలీబాబా 1999లో, మన ఇండియామార్ట్ 1996లో మొదలయ్యాయి కానీ వాటిలో దొరికేది ఫోన్ నంబరు వరకే, మిగతాదంతా మాటలతో తేల్చుకోవాల్సిందే. తర్వాత వచ్చినవి వేరే రకం. అమెరికాలో 2013లో మొదలైన జోమెట్రీలో కొనుగోలుదారు తన త్రీడీ ఫైల్ పెడితే చాలా పార్టులకు అప్పటికప్పుడే ధర కనిపిస్తుంది. ఆ పని ఏ షాపులో జరుగుతుందో అతను చూడక్కర్లేదు. బెంగళూరులో 2018లో పెట్టిన జెట్‌వర్క్ కూడా తయారీ ఆర్డర్లు తీసుకుని చాలా షాపులకు పంచి చేయించే కంపెనీయే. నేను వీటిని తప్పుపట్టడం లేదు. ఖాళీగా ఉన్న మెషీన్లకు పని దొరుకుతుంది, నిజమే.

కానీ వాళ్ల చేతిలో ఏముందో ఆలోచించండి. ఇలాంటి షాఫ్టుని ఎవరు ఎంతకి చేస్తామన్నారో, ఎవరు ఎన్ని రోజుల్లో ఇచ్చారో, ఎవరిది రిజెక్ట్ అయ్యిందో, అదంతా మధ్యలో కూర్చున్నవాడి దగ్గర పోగవుతుంది. మనకి మన రేటు ఒక్కటే తెలుసు. బేరం ఆడేటప్పుడు ఎవరికి ఎక్కువ తెలుసో వాడిదే పైచేయి, ఇది చెన్నై పాత టోకు మార్కెట్ కొత్తవాల్ చావడిలో మూటలు దిగినప్పటి నుంచీ ఉన్న సంగతే, ఇప్పుడు ఆ తెలియడం అనేది కంప్యూటర్ చేతికి వెళ్లింది.

నేనే ఇందులో చిక్కుకున్నాను. ఒక ఆన్‌లైన్ వేదిక (పేరు అక్కర్లేదు) నుంచి మొదటి ఏడాది నా షాపు పనిలో నలభై శాతం దాకా వచ్చింది. సంతోషంతో ఒక మెషీన్ లోన్ మీద కొన్నాను. రెండో ఏడాది అవే పార్టులకు రేటు పన్నెండు శాతం తగ్గించమన్నారు. వద్దనడానికి ఈఎంఐ అడ్డం, వేరే చోట అమ్ముకుందామంటే ఆ పార్టు చివరికి ఏ కంపెనీ మెషీన్‌లో బిగిస్తారో కూడా నాకు తెలియదు. ఆ ఏడాదంతా టెన్షనే. అప్పటి నుంచి నాకో లెక్క ఉంది: ఏ వేదిక నుంచైనా, ఏ ఒక్క మధ్యవర్తి నుంచైనా నా పనిలో నాలుగో వంతు మించనివ్వను. ఆ మాటకొస్తే పెద్ద కస్టమర్ విషయంలోనూ అంతే. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు వాళ్ల ప్లాంటు ఉన్న మరైమలై నగర్ చుట్టుపక్కల ఎన్ని షాపులు విలవిల్లాడాయో నాన్నగారిని అడగండి.

ఇప్పుడు కొటేషన్ విషయం. 2011లో జర్మనీ నుంచి కప్లింగులు చేసే ఒక కంపెనీ నాకు పదకొండు డ్రాయింగులు పంపింది. అప్పట్లో కొటేషన్ అంటే నేను ఒక్కడినే రాత్రి కూర్చుని వెయ్యాలి, మెటీరియల్ రేటు కోసం సెవెన్ వెల్స్‌లోని స్టీలు వ్యాపారికి ఫోన్ చెయ్యాలి, హీట్ ట్రీట్‌మెంట్ వాడు రేటు చెప్పడానికి మూడు రోజులు. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. మీ ధర బాగుంది కానీ ఆర్డర్ పోయిన వారమే ఇచ్చేశాం అని రెండు లైన్ల జవాబు వచ్చింది. రేటులో ఓడిపోయి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ తర్వాత మూడు నెలలు, ఆదివారాలు కూడా, పాత పార్టులు మూడు వందల దాకా ఎక్సెల్‌లోకి ఎక్కించాను. మెటీరియల్ గ్రేడు, రాడ్ డయామీటర్, పొడవు, ఎన్ని సెట్టింగులు, సైకిల్ టైం (ఒక పీసుకి మెషీన్ మీద పట్టే సమయం), ఏ ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మార్చగల ముక్క), దాని ఒక అంచుకి ఎన్ని పీసులు వచ్చాయి, రిజెక్షన్ ఎంత. కొత్త డ్రాయింగు రాగానే దానికి దగ్గరగా ఉన్న పాత పార్టు వెతికి, అక్కడి నుంచి లెక్క వేస్తాం. ఇప్పుడు మా ఆఫీసులో డిప్లొమా చేసిన అమ్మాయి ఒకతే రోజుకి ఐదారు కొటేషన్లు వేస్తుంది, నేను పైపైన చూస్తానంతే. దీనికి సాఫ్ట్‌వేర్ ఖర్చు దాదాపు సున్నా.

ఇంకొకటి, ఇది నాకు ఆర్డర్లు తెచ్చిపెట్టిన అలవాటు. ఎంక్వైరీ వచ్చిన నాలుగు గంటల్లో ధర కాకుండా రెండు ప్రశ్నలు పంపుతాం. ఈ గ్రూవ్ దగ్గర టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) 10 మైక్రాన్లు ఇచ్చారు, బేరింగు కూర్చునే చోటు పక్కది కదా, ఇక్కడ అంత అవసరమా, 30 అయితే గ్రైండింగ్ తప్పుతుంది, ధర తగ్గుతుంది, ఇలాంటివి. డ్రాయింగు నిజంగా చదివినవాడు మాత్రమే అడగగల ప్రశ్న అది. సెకన్లలో వచ్చే ఆటోమేటిక్ ధర ఈ ప్రశ్న అడగటం అరుదు. మన గడియారం కూడా కలిసొస్తుంది. జర్మనీలో చలికాలం మధ్యాహ్నం మూడు అయితే మనకి సాయంత్రం ఏడున్నర, చైనాలో రాత్రి పది. నింగ్బో సేల్స్ వాళ్లు రాత్రి కూడా జవాబిస్తారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చెయ్యను, కానీ ఆ సమయానికి వాళ్ల షాపు ఫ్లోర్‌లో సందేహం తీర్చే మనిషి ఉండటం కష్టం, మన దగ్గర సెకండ్ షిఫ్టు సూపర్‌వైజర్ ఉంటాడు.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది, కొనుగోలుదారు ఎప్పుడూ విదేశంలోనే ఉండడు. మెర్సిడెస్-బెంజ్ పరిశోధన కేంద్రం 1996 నుంచి బెంగళూరులో ఉంది, బాష్‌కి జర్మనీ బయట అతి పెద్ద డెవలప్‌మెంట్ కేంద్రం మన దేశంలోనే, రెనో-నిస్సాన్ ఇంజనీరింగ్ కేంద్రం చెన్నై దగ్గరే, మన మహీంద్రా వరల్డ్ సిటీలో. యూరప్‌లో తిరిగే మెషీన్ పార్టు డ్రాయింగు గీసిన కుర్రాడు చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో అద్దెకుంటూ ఉండొచ్చు. ప్రోటోటైప్ పది పీసులు వారంలో కావాలంటే అతనికి నింగ్బో కంటే మీరే దగ్గర. మీరు ఐటీలో చేశారు, మీ స్నేహితులు ఇలాంటి చోట్ల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. వెబ్‌సైట్ కంటే ఆ పరిచయాలే విలువైనవి. వెబ్‌సైట్‌కి నాలుగు పేజీలు చాలు: ఏ మెషీన్లు, ఎంత సైజు వరకు, ఏ టాలరెన్స్, ఏ కొలత పరికరాలు.

మెషీన్ గంటలు. ఈ విషయంలో నేను కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చిన్న షాపులు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 2014లో నన్ను ఎవరైనా అడిగితే ఎనిమిది గంటల షిఫ్టులో నా మెషీన్లు ఆరున్నర గంటలు నడుస్తాయని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేవాణ్ణి. నెల రోజులు, మూడు మెషీన్ల పక్కన అట్ట ముక్కలు కట్టి, ఆగినప్పుడల్లా టైం, కారణం రాయమన్నాను. కొత్త కంట్రోలర్లలో కటింగ్ టైం స్క్రీన్ మీదే కనిపిస్తుంది, షిఫ్టు చివర ఆ అంకె కూడా రాయించాను. నెలాఖరుకి లెక్క తీస్తే నాలుగు గంటలకి కూడా రాలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణాలు చూస్తే ఒక్కదానికీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫస్ట్ పీసు ఇన్‌స్పెక్షన్‌కి క్యూ, ఎందుకంటే కొలతలు చూసే హైట్ గేజ్ ఒక్కటే, ఇన్‌స్పెక్టర్ ఒక్కడే. ఇన్సర్టులు స్టోర్‌లో తాళం వేసి ఉంటాయి, స్టోర్ అతను టీకి వెళ్తే మెషీన్ ఆగాల్సిందే. పోయినసారి ఇదే పార్టుకి ఏ జాస్ (పార్టుని పట్టుకునే దవడలు) వాడాం, ఏ ఆఫ్‌సెట్ (టూల్ కొలత సర్దుబాటు) పెట్టాం అన్నది పాత ఆపరేటర్ తలలో మాత్రమే ఉంది, అతను ఊరెళ్తే సెట్టింగు మూడు గంటలు. రెండో హైట్ గేజ్, మెషీన్ల మధ్య ఒక టూల్ ట్రాలీ, ప్రతి పార్టుకీ సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోలతో సెట్టింగ్ షీట్. అన్నీ కలిపి లక్షన్నర కూడా కాలేదు. ఆరు నెలల్లో ఐదున్నర గంటలకు వచ్చాం. ఆ సమయంలో నేను కొత్త లేతు కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాను, ఆ ఇరవై లక్షల పైచిలుకు లోన్ అవసరమే లేకుండా పోయింది.

రెండో లాభం ఇంకా పెద్దది. నిజమైన సైకిల్ టైం తెలిశాక ఏ పార్టులో ఎంత మిగులుతోందో లెక్క తీస్తే, నాకు అన్నిటికంటే ఇష్టమైన కస్టమర్ పార్టులు మూడింటిలో నష్టం వస్తోందని తేలింది. డ్రాయింగు ఎప్పుడో మారింది, అడ్డంగా వేసే ఒక రంధ్రం (క్రాస్ హోల్) పెరిగింది, రేటు మాత్రం పాతదే. అంకెలు ముందు పెట్టి మాట్లాడితే రెండు పార్టులకు పెంచారు, ఒకటి వెనక్కి తీసుకున్నారు. అది వెళ్లిపోయినందుకు ఇప్పటికీ బాధ లేదు. మీ కస్టమర్ నింగ్బో రేటు చూపించినప్పుడు మీ దగ్గర ఇలాంటి లెక్క లేకపోతే మీరు భయంతోనో కోపంతోనో జవాబిస్తారు. లెక్క ఉంటే, ఈ నాలుగు పార్టులు అక్కడే కొనుక్కోండి సర్, ఈ ఆరు మాత్రం నేనే చేస్తాను అని నిదానంగా చెప్పగలరు. స్టాండర్డ్ బుష్‌లు, ఫిట్టింగులు లక్షల్లో చేసేవాళ్లతో మనకు పోటీ వద్దు. యాభై నుంచి ఐదు వందల పీసులు, తరచూ డ్రాయింగు మారేవి, కొలత కష్టమైనవి, అవి మనవి.

సెన్సార్లు అప్పుడే వద్దని నేను అంటున్నది ఇందుకే. అట్ట ముక్క మీద రాయించలేని షాపులో సెన్సార్ పెడితే, మెషీన్ ఆగిందని తెలుస్తుంది, ఎందుకు ఆగిందో తెలియదు. పెద్దవాళ్లకే ఇది తప్పలేదు. అమెరికా పెద్ద యంత్రాల కంపెనీ జీఈ 2015లో జీఈ డిజిటల్ పెట్టి, ప్రెడిక్స్ అనే వేదికతో ప్రపంచంలోని యంత్రాలన్నిటి డేటా నడిపిస్తామని, 2020కల్లా మొదటి పది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటవుతామని చెప్పింది. వేల కోట్లు పోశాక వెనక్కి తగ్గాల్సి వచ్చింది. సెన్సార్లలో తప్పు లేదు. ఏ సమస్య తీర్చడానికి పెడుతున్నామో తేలకుండా అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఎంత డబ్బున్నా నిలవదు.

నా ఈఆర్‌పీ కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2013లో ఒక సంస్థ దగ్గర ఏడు లక్షలకు తీసుకున్నాను. సూపర్‌వైజర్లు ఎప్పటిలాగే నోటు పుస్తకంలో రాసుకుని, నెలాఖరున రెండు రోజులు కూర్చుని అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. అందులో స్టాకు చూపించే రాడ్లు షాపులో ఉండేవి కావు. ఏడాదిన్నరకి వదిలేశాం. తప్పు వాళ్లది ఎంతో నాది అంతకంటే ఎక్కువ, ఆ స్క్రీన్లు నింపాల్సిన మనుషులని కొనేముందు ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు వాడేది చిన్నది, నెలకి కట్టేది, తమిళంలో కూడా కనిపిస్తుంది, ఆపరేటర్ ఫోన్ నుంచే నింపుతాడు. మీ షాపుకి ఈఆర్‌పీ రెండో ఏడాది ఆలోచించండి.

రుజువు అన్నాను కదా. ఎగుమతిలో నాకు మొదటి నిలకడైన కస్టమర్ రేటు వల్ల రాలేదు. అతనికి అంతకుముందు వేరే చోటి నుంచి వచ్చిన షాఫ్టులు రెండు విరిగాయి, ఆ మెటీరియల్ ఏ హీట్ నంబరుదో (ఉక్కు ఏ విడతలో కరిగించిందో చెప్పే నంబరు) సప్లయర్ చెప్పలేకపోయాడు. నేను మిల్లు ఇచ్చిన 3.1 రకం మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్, హీట్ ట్రీట్‌మెంట్ చార్టు, కొలతల రిపోర్టు, అన్నీ లాటు నంబరుతో కలిపి ఒక ఫోల్డర్‌గా పంపాను. పీసు మీద లాటు నంబరు కొట్టి ఉంటుంది. ఆ నంబరు చెప్తే రెండు నిమిషాల్లో కాగితాలు తియ్యగలం. అతను కొనేది ఇప్పటికీ అందుకే.

ముందుముందు ఇది ఇంకా పెరుగుతుంది. యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను, సీబీఏఎం అంటారు, 2023 అక్టోబర్ 1న కార్బన్ ఎంత వెలువడిందో లెక్కలు చెప్పడంతో మొదలైంది, 2026 జనవరి 1 నుంచి దిగుమతయ్యే సరుకు మీద డబ్బు కట్టాల్సిన దశ. ఉక్కు, అల్యూమినియంతో పాటు బోల్టులు, నట్లు లాంటివి కూడా అందులో ఉన్నాయి. మీ పార్టులు నేరుగా దాని కిందికి రాకపోయినా, రాడ్ ఏ మిల్లుది, ఎలాంటి ఫర్నేసులో కరిగించింది అని కొనుగోలుదారు అడగడం మొదలైంది. రికార్డు ఉన్న చిన్న షాపుకి ఇది అడ్డు కాదు, తలుపు.

వరద సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తవదు. 2015 డిసెంబర్‌లో నా షాపులోకి మూడడుగుల నీళ్లు వచ్చాయి. ప్రోగ్రాములన్నీ ఉన్న కంప్యూటర్ టేబుల్ కింద నేల మీద ఉంది, డ్రాయింగుల బీరువా పక్కనే. మెషీన్లు ఇన్సూరెన్స్‌తో మూడు వారాల్లో లేచాయి, కానీ నాలుగు వందల ప్రోగ్రాములు మళ్లీ రాసుకోవడానికి ఐదు నెలలు పట్టింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి ఎస్టేట్ మళ్లీ మునిగింది. రెండు మెషీన్ల డ్రైవులు పోయాయి, నష్టం వచ్చింది. ప్రోగ్రాములు, సెట్టింగ్ షీట్లు క్లౌడ్‌లో ఉన్నాయి కాబట్టి నీళ్లు తగ్గేలోపే చెన్నైలోనే పాడి అనే ప్రాంతంలో ఒక స్నేహితుడి షాపులో రాత్రి షిఫ్టు తీసుకుని ఎగుమతి లాటు పంపేశాం. మీరు ఈ వారమే చేయాల్సిన పని ఇది, కన్సల్టెంట్ అక్కర్లేదు. వైరస్‌తో ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వాళ్ల నుంచి కూడా ఇదే కాపాడుతుంది, కాకపోతే ఒక కాపీ ఏ కంప్యూటర్‌కీ తగిలించని హార్డ్ డిస్కులో ఉండాలి.

డబ్బు తిరగడం గురించి క్లుప్తంగా. పోటీలో చిన్న షాపుని చంపేది రేటు కంటే ముందు తొంభై రోజుల బాకీ. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వ నమోదు) లేకపోతే వెంటనే చేయించండి. ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల్లో మీ బిల్లుని కొనుగోలుదారు ఒప్పుకుంటే బ్యాంకులు పోటీ పడి డిస్కౌంటు చేస్తాయి, అంటే కొంత తగ్గించుకుని డబ్బు ముందే ఇస్తాయి, 250 కోట్లకు పైన టర్నోవర్ ఉన్న కంపెనీలు అందులో చేరాలని 2024లో కేంద్రం నిబంధన పెట్టింది. మీ పెద్ద కస్టమర్ చేరాడో లేదో అడగండి. డిజిటల్ వల్ల మనకు నేరుగా చేతికి డబ్బు తెచ్చిన మార్పు ఇదొక్కటే అని నా అభిప్రాయం.

రెండు జాగ్రత్తలు. మీ బుష్‌లు ఇంజన్‌లోకి వెళ్లేవా? అయితే పైవన్నీ చేసినా ఆ పని మీద కొత్తగా డబ్బు పెట్టొద్దు. ఎలక్ట్రిక్ బండిలో ఆ పార్టే ఉండదు, ఇది వేగం పెంచితే తీరే సమస్య కాదు. పంపులు, హైడ్రాలిక్స్ వైపు జరగండి. రెండోది, ఏఐ. విదేశీ ఈమెయిళ్లు రాయడానికి, స్పెసిఫికేషన్లు అర్థం చేసుకోవడానికి మేమూ వాడుతున్నాం, మంచిదే. కానీ కస్టమర్ డ్రాయింగు మాత్రం ఏ ఉచిత టూల్‌లోనూ ఎక్కించొద్దు, డ్రాయింగు బయటపెట్టమని రాసిచ్చే ఒప్పందం, ఎన్‌డీఏ, మీద సంతకం పెట్టింది నాన్నగారు.

ఆ కన్సల్టెంట్‌ని పూర్తిగా పంపించెయ్యక్కర్లేదు. మీ ఆరు మెషీన్లలో ఒక్కదాన్ని ఎంచుకుని, నెల రోజుల అట్ట ముక్కల లెక్క చేతికిచ్చి, ఇందులో ఏ కారణాన్ని మీరు తగ్గిస్తారు, ఎంత, ఎన్నాళ్లలో అని అడగండి. సూటిగా జవాబు చెప్పగలిగితే ఆ ఒక్కదానికే డబ్బివ్వండి. డేటా మీ పేరు మీద ఉండాలి, మానేసిన రోజున ఎక్సెల్‌లో మొత్తం తిరిగి ఇవ్వాలి, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక నాన్నగారు ఒప్పుకోవట్లేదని రాశారు. ఆయనని ఒప్పించడం మొదలుపెట్టకండి, తమ్ముడూ. పాతికేళ్లు షాపు నడిపిన మనిషి సొరుగులో తప్పకుండా నూనె మరకల నోటు పుస్తకాలు ఉంటాయి, ఏ పార్టుకి ఎన్ని నిమిషాలు, ఏ మెటీరియల్‌కి ఏ స్పీడులో టూల్ కాలింది, ఏ కస్టమర్ ఏ కొలత దగ్గర పేచీ పెట్టాడు, అన్నీ ఆయన చేతిరాతలో. ఆ 18 లక్షల ప్యాకేజీలో లేనిది, నింగ్బోకి దొరకనిది అదే. ఈ ఆదివారం ఆ పుస్తకాలు అడిగి ఆయన పక్కన కూర్చోండి, ఆయన చెప్తుంటే మీరు ఎక్సెల్‌లోకి ఎక్కించండి. మొదటి యాభై పార్టులు అయ్యాక కొటేషన్ షీటు ఎలా కట్టాలో నేను చెప్తాను, కావాలంటే అంబత్తూరులో మా షాపుకి రండి, మా అట్ట ముక్కలు కూడా చూద్దురు గాని.